చూరు నీళ్ళు

గోధుమ గాదెల పక్కన నా గది.
కిటికీ ముందు పద్దెనిమిది మీటర్ల ఇనుప పలక.
దాని మీదికి ఏదెక్కినా
నాకు ముందు అంకె, తర్వాతే మనిషి.
లారీలు, ఉన్ని మూటలు,
ఒకసారి సర్కస్ వాళ్ళ ఒంటె
(నాలుగు వందల ఎనభై. ఉమ్మింది కూడా).

చలి మొదలైతే మాత్రం
ఇళ్ళు తూగడానికొస్తాయి.
పని మానుకున్న ముసలి జంటలు
కారు వెనక కారవాన్ తగిలించుకుని
క్వీన్స్‌లాండ్‌లో ఎండ ఉందట అంటూ బయల్దేరతారు.
అందరిదీ ఒకటే మాట: "మాది తేలికే."
కాటాకి మొహమాటం లేదు.

నెవిల్ ప్రాక్టర్‌ని ఎప్పట్నించో ఎరుగుదును.
నలభై రెండు కోతలు ఈ పలక మీదే తూచుకున్నాడు.
లారీ నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి.
మధ్యలో తేడాయే అతని సంవత్సరం.
ఈసారి ఖాళీ తూకం లేదు.
పొలం, ఇల్లు, గొర్రెల దొడ్డి మార్చిలోనే అమ్ముడుపోయాయి.
మిగిలిందంతా చక్రాల మీదుంది.

కొక్కెం విప్పించి, కారు ముందుకి తీయించాను.
గ్లెనిస్ దిగి ఎడంగా నిలబడింది.
ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలిచాయి:
రెండు వేల తొమ్మిది వందల అరవై.
తలుపు పక్కన రేకు మీద కొట్టి ఉన్న హద్దు
రెండు వేల ఎనిమిది వందలు.
"నీ కాటా అబద్ధం" అన్నాడు నెవిల్,
గోధుమలు తక్కువ తూగిన ప్రతి ఏడూ అన్నట్టే.

అందరికీ చెప్పేదే చెప్పాను:
నీళ్ళ ట్యాంకు చూసుకో. లీటరంటే కిలో.
దారిపొడుగునా కుళాయిలుండగా
నీళ్ళు మోసుకెళ్ళేవాణ్ణి మించిన వెర్రివాడు లేడు.
"ఖాళీయే. మొన్న నేనే వంపేశాను" అంటూ
మోకాళ్ళ మీద వంగి, అడుగున చెయ్యి దూర్చి
పిడికిలితో కొట్టాడు.
ఖాళీదైతే మోగాలి.
మోగలేదు.

గ్లెనిస్ గాదె కప్పు మీద
గులాబీ చిలకల్ని లెక్కపెడుతున్నట్టుంది.
అతను కుళాయి కొంచెం తిప్పాడు.
నాలుగు చుక్కలు ఇనుము మీద పడ్డాయి.
అప్పుడంది, ఇటు తిరక్కుండానే:
"ఇల్లు అమ్మాం. గొర్రెల్ని అమ్మాం.
చూరు నీళ్ళు అమ్మినట్టు
కాగితాల్లో ఎక్కడా లేదు."

మాలీ నేల సంగతి తెలియనివాళ్ళకి చెబుతున్నాను.
ఇక్కడ బోరు నీళ్ళు ఉప్పు.
రేకుల మీద పడ్డ వాన తొట్టిలోకి దిగితే
తాగడానికదే, టీకదే, పిల్లల తలంట్లకదే.
చుట్టాలొచ్చినా గ్లాసు సగమే నింపే ఊళ్ళివి.
పోయినేడు కురిసిందెంతో
చెప్పుకుంటే నవ్వుతారు.
నూట తొంభై లీటర్లు.
గొట్టం చప్పుడుకి మొగుడు లేస్తాడని
చెంబులతో పోసిందో, ఏం చేసిందో.

నెవిల్ కుళాయి కట్టేశాడు,
అవసరానికి మించి ఒక పావు తిప్పు బిగించి మరీ.
లేచి, మోకాళ్ళు దులుపుకుని
వెనక తలుపు తీశాడు.
జనరేటరు దించాడు, నలభై ఐదు.
పనిముట్ల పెట్టె, యాభై.
ఆఖర్న నన్నూ ఓ చెయ్యి వెయ్యమన్నాడు.
వాళ్ళ నాన్న దాగలి, డెబ్బై.
గుర్రపు నాడాలు సాగి సాగి
దాని నుదుట పడ్డ గుంట నా వేలికి తగిలింది.
గుడారపు మేకులు సాగగొట్టడానికా ఇది,
అందామనుకుని మానేశాను.

రెండోసారి:
రెండు వేల ఏడు వందల తొంభై ఐదు.
"ఐదు కిలోలు మిగిలాయి" అంది గ్లెనిస్.
"నీ జామ్ సీసాలకి" అన్నాడు.
వాళ్ళు మాట్లాడుకున్నది అంతే.

రెండో తూకానికీ రుసుముంది.
పుస్తకంలో "కాటా పరీక్ష" అని రాసేశాను.

వాళ్ళు మలుపు తిరిగేటప్పటికి
ఆ నాలుగు చుక్కలూ ఇంకా తడిగానే ఉన్నాయి.
అంకె మాత్రం సున్నా.
ఐదు కిలోల లోపుది దీనికి కనపడదు.

జనరేటరు, పెట్టె వాళ్ళ తమ్ముడొచ్చి పట్టుకెళ్ళాడు.
దాగలి నా గది తలుపుకి అడ్డం పెట్టుకున్నాను,
వేసవి గాలికి తెగ కొట్టుకునే తలుపది.
"తిరిగొచ్చేటప్పుడు తీసుకెళ్తా" అన్నాడు నెవిల్.
ఎక్కడికి తిరిగొచ్చేటప్పుడో
నేనడగలేదు.
గొర్రెల లారీ హారన్ కొడుతోంది.